మూడోవంతు, నాలుగోవంతు

లావణ్యా,

నిన్న ఫోనులో "అమ్మమ్మా, నీది పాత పద్ధతి" అన్నావు. అది నా పద్ధతి కాదు, నువ్వు నా చేత చెప్పించిన పద్ధతి.

"నా రీసెర్చికి నీ ట్యూషన్ని పక్క బడితో పోల్చాలి. మూడు నెలలు బోర్డు మీద తప్ప ఇంకెలాగా భిన్నాలు చెప్పకు" అన్నావు. మనవరాలి డాక్టరేటు కదా అని నోరు మూసుకుని సుద్దముక్కలు అరగదీశాను.

నీ పరీక్షలో నా ట్యూషన్ పిల్ల గంగాభవాని మూడోవంతు కంటే నాలుగోవంతు పెద్దదని రాసింది. ఎందుకే అంటే, "మూడు కన్నా నాలుగు పెద్దది కదేటి మామ్మగోరూ" అంది.

నువ్వు పంపిన థీసిస్ ఈరోజు చదివాను. అచ్చుతప్పులు లేవు, సంతోషం. పక్క బడిని గెలిపించిన నీ "కొత్త పద్ధతి" బెల్లం దిమ్మ కోసి పంచడమట. ఏడేళ్లప్పుడు నీకు సగమూ పావూ నేను నేర్పింది అలాగే. నా పేరు మాత్రం ఓడిన వరసలో ఉంది.

ఆదివారం రైలు దిగి వచ్చేటప్పుడు బజార్లో చిన్న దిమ్మ ఒకటి కొను. గంగాభవాని ఎదురుగా కూర్చుని నువ్వే కొయ్యి. పెద్ద ముక్క ఏదో అది చెప్పాక, ఆ ముక్క దానికే ఇయ్యి.

అమ్మమ్మ