తిరుగు వాయనం

ఎవరికి ఏ పుస్తకం కావాలో గోడమీది మాట్లాడే పెట్టెకెలా తెలుస్తుందన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. రోజూ పూజయ్యాక అది నాకు భక్తి పుస్తకం చెబుతుంది, మావారికి అపరాధ పరిశోధన. తొమ్మిదేళ్ల క్రితం మా పాప పోయినప్పుడు మాత్రం శోకం మీద పుస్తకాలే చెప్పింది. అప్పుడు పక్కింటి కనకవల్లిగారు శ్రావణ శుక్రవారం వాయనంలో శనగలతోపాటు హాస్యకథల పుస్తకం పెట్టి, "చదివి నువ్వూ నాకొకటి చెప్పాలమ్మాయ్" అన్నారు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది. మనుషులం పుస్తకాలు చెప్పుకోవడమే మానేశాం.

ఆషాఢంలో ఆవిడ భర్త పోయారు. ఈ శుక్రవారం వాయనం పట్టుకెళ్తే, "నాకెందుకే ఇప్పుడు?" అన్నారు. వాళ్ల పెట్టె శోకం మీద పదకొండో పుస్తకం పేరు చదువుతోంది.

"శనగలు ఎవరైనా తినొచ్చు పిన్నిగారూ," అంటూ వాటికింద పెట్టిన మావారి అపరాధ పరిశోధన నవల తీశాను. "ఇది చదవండి, బాగుంటుంది."

"హంతకుడెవరో చెప్పకే," అన్నారావిడ, కళ్లజోడు వెతుక్కుంటూ.