బడంగ్‌పేట్ వెంచర్‌లో ఈల

అలేఖ్య పెంచుకుంటున్న కుక్క బంటికి పుట్టు చెవుడు. చైతన్యపురి చుట్టుపక్కల ఏ పార్కుకి వెళ్లినా కుక్కల్ని రానివ్వమని గేటు దగ్గరే ఆపేసేవారు. రోడ్డు మీద వదలాలంటే భయం, పిలిస్తే దానికి వినపడదు. చెయ్యెత్తితే వెనక్కి రావాలని నెలల తరబడి నేర్పుతోంది గానీ, అది ఒక్కసారీ రాలేదు.

చివరికి బడంగ్‌పేట్ దాటాక ప్రహరీ ఉన్న, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల వెంచర్ ఒకటి దొరికింది. అక్కడ కాపలా ఉండే పెంటమ్మ పొద్దుగూకే వేళ గేటు తీసింది.

"లోపల ఎవ్వరు లేరమ్మా, మంచిగ తిప్పుకో. జర చీకటి కాకముందే ఒచ్చెయ్."

"కాసేపేనండీ, వచ్చేస్తాం."

గొలుసు విప్పగానే బంటి పరుగు తీసింది. ఆ సంబరం చూస్తూ, చీకటి పడటం అలేఖ్య గమనించలేదు.

అప్పుడు ప్లాట్ల అవతల నుంచి సన్నగా ఈల వినిపించింది. బంటి ఆగిపోయింది. ఏనాడూ ఏ చప్పుడుకీ కదలని దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

అలేఖ్య చుట్టూ చూసింది, ఎవరూ కనిపించలేదు. మళ్లీ ఈల. బంటి తోక ఊపుతూ అటువైపే నడవసాగింది.

ఆమె ఫోన్ లైటు తన అరచేతి మీద వేసుకుని చెయ్యెత్తింది. దించకుండా అలాగే ఉంచింది. వెలుతురు పసిగట్టి బంటి వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం తటపటాయించి, దూసుకొచ్చి ఆమె కాళ్లకు చుట్టుకుంది.

"వచ్చావా నాన్నా! నా దగ్గరికే వచ్చావా!"

గొలుసు తగిలించకుండానే ఆమె గేటు వైపు నడిచింది. బంటి పక్కనే నడిచింది. ఈసారి ఈల సరిగ్గా వాళ్ల వెనకే వినిపించింది. బంటి చెవులు నిక్కాయి గానీ, అది తల తిప్పలేదు.