ధ్రువం దాకా పోయిన గొంతు

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. ప్రతి శనివారం చీకటి పడ్డాక సరిత హఫీజ్‌పేటలో పట్టాభిరామయ్య గారి డాబా మీది గదికి వచ్చేది. ఆమె పెనిమిటి సంతోష్ దక్షిణ ధ్రువం శిబిరంలో వంటవాడు. పెద్దాయన దూరదేశాలతో మాట్లాడే హామ్ రేడియోలోనే ఇద్దరి మాటలు. పోయిన వారం అతనికి ఒళ్లు కాలే జ్వరం.

ఇవాళ రేడియోలో ఒట్టి హోరు.

“సూర్యుడి ప్రతాపం చూడమ్మా!” అన్నారాయన. “అక్కడ రేగిన గాలి రెండు రోజులు ప్రయాణించి ధ్రువం మీది ఆకాశాన్ని తాకింది. మన మాటను మోసే పొర చెదిరిపోయింది. అక్కడిప్పుడు ఆకుపచ్చ వెలుగులు ఆడుతుంటాయి. ఎంత అందమో!”

“అందం సరే సార్. మా ఆయన ఎట్లున్నడో జర అడుగుండ్రి.”

“మీరే అడగండి. మాట అయిందని చెప్పే ‘ఓవర్’ చివర మరవకండి.”

“మంచిగున్నవా? ఓవర్.”

హోరు టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి, ఎనిమిది సెకన్ల తరువాత, సరిత గొంతే తిరిగొచ్చింది. “మంచిగున్నవా? ఓవర్.”

“ప్రతిధ్వని!” పెద్దాయన కళ్లు మెరిశాయి. “ధ్రువం దాకా పోయి ఎక్కడెక్కడో తిరిగొచ్చింది. ఇంత ఆలస్యంగా వచ్చేది నలభై ఏళ్లలో ఒక్కసారీ వినలేదమ్మా!”

అంతలో ఆమె గొంతే మళ్లీ వినిపించింది, నవ్వుతూ. “జ్వరం తగ్గిందంటివి, ఇగ నాకు ఫికర్ లేదు. ఓవర్.”

ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

“సార్,” అంది సరిత మెల్లగా, “గా మాట నేనింకా అనలే.”