ఏడున్నరకు పడే ట్రిప్పరు

గ్రైండరు ముట్టుకుంటే జుమ్మంటోందని అనసూయమ్మ మూడోసారి చెప్పినప్పుడు, పెద్దసుబ్బయ్య టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"చెప్పులేసుకోని రుబ్బు."

రాజంపేటలో ఆయనది ఎరువుల అంగడి. ఉన్న మాటలన్నీ పగలంతా రైతులతోనే ఖర్చు చేసుకుని ఏడు గంటలకు ఇల్లు చేరేవాడు. ఆ మధ్యే ఇరవై నాలుగు గంటల వార్తల చానళ్లు మొదలయ్యాయి. కాళ్లు కడుక్కుని కూర్చుంటే పదింటి దాకా లేచేవాడు కాదు. చెప్పిన వార్తే మళ్లీ చెప్తున్నా, ఈసారి వేరేగా ముగుస్తుందేమో అన్నంత శ్రద్ధగా చూసేవాడు.

అనసూయమ్మ గొడవ పడలేదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ దావీదురాజును పిలిపించింది.

గ్రైండరు లోపల తీగ తొడుగు ఊడి ఇనుముకు తగులుతోంది. దావీదురాజు దాన్ని సరిచేశాడు. తర్వాత నడవలో ఉన్న పాత ఫ్యూజుల పెట్టె చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంటికి ట్రిప్పరు పెట్టించుకోండమ్మా. కరెంటు దోవ తప్పి మనిషి ఒంట్లోకి మళ్లితే, రెప్ప వేసే లోపల అదే ఆపేస్తాది."

పెద్దసుబ్బయ్య ఒప్పుకోలేదు.

"మా నాయన ఈ ఫ్యూజులతోనే ఎనబై ఏండ్లు బతికినాడు" అన్నాడు.

"మామ ఎప్పుడన్నా పిండి రుబ్బినాడా?" అంది అనసూయమ్మ.

ఆయన దావీదురాజు వైపు తిరిగాడు. "ఏమప్పా, అది ఊరికూరికే పడిపోతాదంట గదా. కమలాపురంలో మా బావమరిది పెట్టించుకోని, వారానికే పీకేసినాడు."

"తప్పుంటేనే పడతాది శెట్టిగారూ. తప్పు లేకుండా పడిందంటే నేను ఇంగ ఈ ఊర్లో టెస్టరు పట్టను."

ఆ మాట మీద ట్రిప్పరు గోడకెక్కింది. దాని మీటేదో, బొత్తామేదో దావీదురాజు అనసూయమ్మకు చూపించి వెళ్లాడు.

తొమ్మిది రోజులు దాని ఊసే లేదు. పదో రోజు సాయంత్రం సరిగ్గా ఏడున్నరకు టక్కుమంది. టీవీలో మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే మాయమయ్యాడు. వీధంతా లైట్లున్నాయి. వీళ్ల ఇల్లొక్కటే చీకటి.

"పడిన వెంటనే ఎత్తకూడదంట. అర్ధగంట ఆగాలంట" అంది అనసూయమ్మ.

ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు. పెద్దసుబ్బయ్య ఆ అర్ధగంటా ట్రిప్పరును తిట్టాడు.

మర్నాడూ ఏడున్నరకే పడింది. ఆ మర్నాడూ అంతే. తిట్లు అయిపోయి, ఆయన అంగడి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఐదో రోజు పెళ్లయిన కొత్తలో సంగతి ఒకటి ఎత్తాడు. కడపలో సినిమాకు పోయి, భార్యను హాల్లోనే మరిచి ఒక్కడే బస్సెక్కేశాడట. చెప్తూ చెప్తూ తనే పగలబడి నవ్వాడు. ఆ తప్పును అనసూయమ్మ ఇరవై రెండేళ్ల తర్వాత ఆ అరుగు మీద క్షమించింది.

నవ్వులేనిది దావీదురాజు ఒక్కడికే. మూడుసార్లు వచ్చి ఇల్లంతా వెతికాడు. అటక మీద ఎలుకలు కొరికిన తీగ మార్చాడు. కాలింగ్ బెల్లు ఊడదీసి మళ్లీ బిగించాడు. ట్రిప్పరు మాత్రం తన వేళ తప్పలేదు. టీ అంగడి దగ్గర జనం అతన్ని 'ఏడున్నర దావీదు' అని పిలవసాగారు. ట్రిప్పరు పెట్టించుకుంటామన్న రెండు ఇళ్లవాళ్లు ఆలోచించి చెప్తామన్నారు.

అతనికి శెట్టి మీదే అనుమానం కలిగింది. మొదటి నుంచీ వద్దన్న మనిషి. తీయించడానికి తనే ఏదో చేస్తున్నాడేమో. ఒకరోజు ఏడింటికే వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాడు. ఏడున్నరయింది. పెద్దసుబ్బయ్య ఒక చేత్తో బొరుగుల పళ్లెం పట్టుకుని, ఇంకో చేత్తో నోట్లో వేసుకుంటున్నాడు. టక్కుమని చీకటి కమ్మింది.

"చూస్తివా?" అన్నాడు పెద్దసుబ్బయ్య, నోటి నిండా బొరుగులతో.

దావీదురాజు టార్చిలైటు వేసుకుని నడవలోకి వెళ్లాడు. తీగలు చల్లగా ఉన్నాయి. కమురు వాసన లేదు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పటికి అతని ముఖం అదోలా ఉంది.

"రేపు పొద్దున వచ్చి పీకెయ్యప్పా. మాటంటే మాటే" అన్నాడు పెద్దసుబ్బయ్య.

పొద్దున దావీదురాజు వచ్చి మెయిన్ ఆపాడు. ఒక స్క్రూ తీశాడు. రెండోది తిప్పుతున్నాడు. అనసూయమ్మ నడవలో స్తంభానికి ఆనుకుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చూస్తోంది.

"యాడికది ఉండనీలేప్పా" అన్నాడు పెద్దసుబ్బయ్య, ఉన్నట్టుండి.

దావీదురాజు చెయ్యి ఆగింది.

"ఆ వార్తలు చూసి చూసి తలకాయ నొప్పి పుడతాండాది. అర్ధగంట బయట కూర్చుంటే శానా హాయిగా ఉండాది. పడితే పడనీ." అని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుని అంగడికి బయల్దేరాడు.

దావీదురాజు స్క్రూలు బిగించాడు. సంచి సర్దుకున్నాడు. అనసూయమ్మ ఇచ్చిన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

గడప దాటుతూ వెనక్కి తిరిగి, మెల్లగా అన్నాడు: "ట్రిప్పరు సరిగ్గా పడతాండాదో లేదో చూసుకునేకి ఆ బొత్తాం నెలకొకసారి నొక్కమని చెప్పింటినమ్మా, దినామూ ఏడున్నరకు గాదు."