చిటికెడు పంచదార

ప్రతి ఇంట్లోనూ గోడకి తూకం ఉండే రోజులవి. ఎవరి వల్ల మనకెంత లాభమో, ఎంత శ్రమో అదే లెక్కకట్టి చెబుతుంది. లెక్క చెల్లిపోయినా, నష్టం తేలినా, ఆ బంధం ముగించమంటారా అని అడుగుతుంది. ముగిస్తే ఆ ఇంటి తలుపు మనకిక తెరుచుకోదు.

ఎదురింటి హైమవతి పిన్నిగారు ముక్కల పులుసు పంపిన గిన్నెలో, ఫణి సరిగ్గా అంతే విలువకి జీడిపప్పు తూచి పోశాడు.

"ఇది ఇచ్చేస్తే మనం ఎవరికీ బాకీ ఉండం," అన్నాడు భార్యతో.

"బాకీ లేకపోతే ఆవిడ మళ్ళీ మన తలుపెందుకు కొడతారండీ?" అంది వకుళ.

జీడిపప్పు డబ్బాలో పోసేసింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కాబట్టి చిటికెడు పంచదార వేసి పట్టుకెళ్ళింది.

పిన్నిగారు గిన్నెలోకి చూశారో లేదో, ఆవిడ గోడ పలికింది. "ఈ బంధం మీకు నష్టం. ముగించమంటారా?"

ఆవిడింట్లోనూ తూకం ఉంటుందన్న సంగతే వకుళ మరిచిపోయింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

పిన్నిగారు పంచదార నోట్లో వేసుకున్నారు. గోడకేసైనా చూడలేదు.

"రేపు దోసకాయ పప్పు చేస్తున్నానే. మీ ఆయన కారం తింటాడా?"