చెవిన పడని కబురు

"ఎవరూ ఎత్తొద్దు!" అన్నాడు గంగాధరరావు.

అద్దకం బల్ల మీద ఆయన ఫోను మోగుతూనే ఉంది. తెలియని నంబరు. ఫోను పక్కనే పరిచిన గుడ్డ మీద, ఎల్లుండి మొదలు కావలసిన ప్రయాణం ఉంది. పెడనలో కలంకారీ అద్దేవాడు దారి వేసుకునే తీరు అది: గుడి ఉన్నచోట తామర అచ్చు, అడవి ఉన్నచోట లేడి అచ్చు. శ్రీశైలానికి తామర, ఆ దారిలోనే తుమ్మలబైలు సఫారీకి లేడి. మహానంది, అహోబిలం, నంజనగూడు తామరలు. బందీపూర్ లేడి. తిరుగుదారిలో తిరుమల, మళ్ళీ తామర.

తామరలన్నీ భార్య రాధాకుమారి కోరినవి. లేళ్ళు రెండూ కొడుకు నాగవంశీవి. ఇరవై రెండేళ్ళవాడికి రక్తంలో కాన్సరు. చివరి మందు పనిచేసిందో లేదో తేల్చే పరీక్ష చేశారు. ఫలితం ఇప్పుడప్పుడే రాదని, ఈలోగా ఎక్కడికైనా వెళ్ళి రమ్మని డాక్టరు చెప్పాడు. అది వచ్చేలోగా దేవుళ్ళందరికీ మొరపెట్టుకోవాలని రాధాకుమారి పట్టుదల.

"అవనిగడ్డ నుంచేమోనండీ," అంది ఆమె.

"అందుకే ఎత్తొద్దంటున్నా."

అవనిగడ్డలో గంగాధరరావు పెదనాన్న పెద్దిరాజు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కొడుకు పిచ్చేశ్వరరావు దగ్గరుండి చూసుకుంటున్నాడు. ఎనభై దాటిన మనిషి. ఆయన పోతే దాయాదులు మైల తీరేదాకా గుడి గడప తొక్కకూడదు. అయితే మైల చావుతో రాదు, కబురుతో వస్తుందని వాళ్ళింటి ఆచారం. చెవిన పడేదాకా పట్టింపు లేదు. జరిగినది వేరు, తెలిసినది వేరు. మనిషి కాపురముండేది రెండవదానిలోనే.

"పిచ్చేశ్వరరావు బాబాయి నంబరు కాదుగా నాన్నా," అన్నాడు నాగవంశీ.

"వాడి ఫోనులో ఏనాడు బ్యాలెన్సుంది గనక? ఆసుపత్రిలో ఎవరినో అడుక్కుని ఉంటాడు."

ఫోను ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఆయన అక్కడ పోయి ఉంటే, మనం ఇక్కడ వినలేదని కూర్చుంటామా?"

"నన్ను భుజాన ఎక్కించుకుని హంసలదీవి తిరునాళ్ళు చూపించిన మనిషిరా. ప్రేమ లేకనా? తిరిగొచ్చాక వింటాను. అప్పుడే ఏడుస్తాను."

"గుళ్ళు పోయినా సఫారీ ఉంటుందిగా. పులికి మైలేంటి?"

"పులి నీకు ఆయుష్షిస్తుందా?" అంది రాధాకుమారి.

"దేవుడిచ్చాడా ఇప్పటిదాకా? పులైతే కనీసం కనిపిస్తుందమ్మా."

"అదీ కనిపించదంట," అన్నాడు గంగాధరరావు. "జీపులో గంటసేపు తిప్పి, ఓ నెమలిని చూపించి దింపేస్తారంట."

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ముగియకముందే మూడోసారి మోగింది. నాగవంశీ చటుక్కున ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు.

"ఒరేయ్!" అంటూనే గంగాధరరావు, రంగు మరకల చేతులతో రెండు చెవులూ మూసుకున్నాడు.

వరండాలో కొడుకు మాట్లాడడం లేదు, వింటున్నాడు. చివర "సరేనండీ" అన్నట్టు పెదవులు కదిలాయి. లోపలికి వచ్చి ఫోనును బోర్లా పెట్టాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాడు గంగాధరరావు. "ఎవర్రా?"

నాగవంశీ గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పెదతాతయ్య పోయారు."

"ఎత్తొద్దన్నానా!" అన్న గంగాధరరావు కేక మధ్యలోనే విరిగి ఏడుపయింది. తిరిగొచ్చాక ఏడవాలనుకున్నది ఇప్పుడే వచ్చేసింది.

రాధాకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుని కొడుకు తల నిమిరింది. "పండు రాలినట్టు రాలిపోయారు. ఏం బాధపడకు నాన్నా. పోతూ పోతూ మిగిలిన ఆయుష్షు నీకే పోసుంటారు."

నాగవంశీ గుడ్డ మీది తామర మీద వేలు పెట్టాడు. "తామరలు తీసెయ్యమ్మా," అన్నాడు. "ఇక ఎవర్నీ ఏమీ అడగొద్దు. ముగ్గురం అడవి చూసొద్దాం."

గంగాధరరావు చొక్కా తొడుక్కున్నాడు. ఫోను అందుకోబోతుంటే నాగవంశీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కాసేపాగి చేద్దువుగాని నాన్నా."

"ఆగేదేంట్రా? ఎప్పుడు తీస్తారో కనుక్కోవద్దూ?" చెయ్యి విడిపించుకుని, పిచ్చేశ్వరరావుకి ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. "తమ్ముడూ, ఎన్నింటికి తీస్తున్నారు?"

"ఏం తీయడం అన్నయ్యా?"

"పెదనాన్నని..."

"అవేం మాటలు అన్నయ్యా, శుభమా అని ఇందాకే ఇంటికి తీసుకొస్తే! ఇడ్లీలోకి అల్లప్పచ్చడి లేదని కోడలి మీద ఎగురుతున్నాడు. ఉండు, ఇస్తున్నా."

ఆయాసంతోనే అయినా గట్టిగా వినిపించింది పెద్దిరాజు గొంతు. "ఏరా గంగాధరం, ఎల్లుండేగా బయల్దేరేది? పిల్లాడి పేరున నా బదులు కూడా ఓ కొబ్బరికాయ కొట్టరా."

గంగాధరరావు ఏదో అని ఫోను పెట్టేశాడు. రాధాకుమారి రెండు చేతులూ జోడించింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఉన్నారా! మైల లేదన్నమాట. చూశావా, దేవుడు మనల్ని రమ్మంటున్నాడు!"

గంగాధరరావు మాత్రం కొడుకు మీదికి చెయ్యెత్తాడు. జబ్బు మొదలైనప్పటినుంచి వాడిమీద ఎత్తని చెయ్యి. "చావు కబురుతో పరాచికాలేంట్రా? ఇందాక ఫోను చేసిందెవరు?"

"డాక్టరుగారు," అన్నాడు నాగవంశీ. "చావు కబురే నాన్నా. పేరొక్కటే మార్చాను."