తోడుపిండి

"పెద్దమ్మా, తాడు దాటకండి. అటువైపు వెళ్లకూడదు."

ముసలావిడ వినిపించుకోలేదు. నడుం వంచి తాడు కిందుగా అవతలికి వెళ్లిపోయింది.

రొకీనాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ మ్యూజియానికి వచ్చిన మనిషి ఈవిడ ఒక్కతే. ఆ ఒక్కతీ ఇలాంటిది.

మ్యూజియమంటే మహా భవనమేం కాదు. నలభై అయిదేళ్ల కిందట భూకంపంలో పాత ఊరు కూలిపోయినప్పుడు శిథిలాల్లోంచి ఏరిన నాగళ్లు, జల్లెడలు, గాడిద జీనులు కొత్త ఊరి బడి వెనక రెండు గదుల్లో పెట్టి ఈ వేసవిలోనే తెరిచారు. అందులో రొట్టెపిండి పిసికే కొయ్యతొట్టి ఒకటి రొకీనా వాళ్లింటిది. దాని ఫోటో పేపర్లో కూడా పడింది. తాళంచెవి రొకీనా చేతిలో ఉంటుంది.

ఆ రోజు ఆమె మనసు మనసులో లేదు. తండ్రి కానియో తిండి మానేశాడు. ఏదో ఒకటి కడుపులో పడకపోతే ఈ చలికాలం దాటడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పి వెళ్లాడు.

"మీ అమ్మ రొట్టె ఒక్క ముక్క ఉంటే తిందును" అంటాడు తండ్రి.

"అదే గోధుమ, అదే పొయ్యి నాన్నా."

"తోడు అది కాదుగా."

పాత ఊళ్లో ప్రతి ఇంట్లో రొట్టెపిండిలోంచి ఒక ముద్ద తీసి, మళ్లీ చేసే పిండికి తోడుగా దాచేవాళ్లు. ఇంటింటికీ ఒక్కో పులుపు. రొకీనా వాళ్లింటి తోడు ఆమె తల్లితో పాటే రాళ్ల కింద పోయింది. కూతురు ఎన్ని రకాలుగా చేసినా తండ్రికి ఆ రుచి తగల్లేదు.

ముసలావిడ ఆ తొట్టి దగ్గరే ఆగింది.

"ఏ ఊరు మీది?" అడిగింది రొకీనా.

ముసలావిడ నల్ల శాలువాలోంచి తడిగుడ్డ మూట తీసి విప్పింది. అందులో ఉన్న పిండిముద్దను రెండు చేతులా ఎత్తి తొట్టి మధ్యలో పెట్టింది.

"ఏం పెట్టారక్కడ? ఇదేమన్నా మీ వంటిల్లా? పురుగు పట్టకుండా మొన్ననే మందు రాశాం. కొయ్యకి తడి తగిలితే పైవాళ్లకి ఎవరు చెప్తారు సమాధానం?"

ముసలావిడ నవ్వింది. పెదాల మీద వేలు పెట్టుకుంది. ముద్దను చూపించి, మూట విప్పిన గుడ్డ రొకీనాకు అందించబోయింది.

"ఆ గుడ్డ నాకెందుకు? పద, బయటికి పద. నీలాంటివాళ్లని ఇళ్లల్లో వాళ్లు ఒంటరిగా ఎలా వదిలేస్తారో."

రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది. ముసలావిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగి తొట్టి వైపు చూసింది. అయినా పెదవి విప్పలేదు. కొండ కిందికెళ్లే బస్సు వస్తే రొకీనాయే ఎక్కించింది.

ఆ తర్వాత పిండిని గీకి చెత్తడబ్బాలో వేసింది. పుల్లటి వాసనకి ఈగలు ముసురుతున్నాయని దానిమీద ఫినాయిలు కూడా పోసింది.

సాయంత్రం సూప్ గిన్నె పట్టుకుని తండ్రి మంచం దగ్గర కూర్చుంది. నవ్విస్తే రెండు చెంచాలు తాగుతాడని ఆశ.

"ఇవాళ ఒక పిచ్చావిడ వచ్చింది నాన్నా. మన తొట్టిలో పిండిముద్ద పెట్టింది."

కానియో తల తిప్పాడు. "ఏమన్నా మాట్లాడిందా?"

"మూగదనుకుంటా."

"ముద్ద మీద గుర్తేదైనా ఉందా?"

రొకీనా గుర్తు తెచ్చుకుంది. "సిలువ గీసుంది. దాని కింద గోటితో నొక్కిన గాట్లు."

కానియో మోచేతుల మీద లేచాడు.

"అది మీ అమ్మ పెట్టే గుర్తు. బదులు పట్టుకెళ్లిన తోడుని ఇచ్చినింటి తొట్టిలోనే తెచ్చిపెట్టాలి. ఇంటివాళ్లు దానిమీద గుడ్డ కప్పేదాకా నోరు విప్పకూడదు. విప్పితే తోడు చచ్చిపోతుందని మన ఆడవాళ్ల నమ్మకం. నీకెవరు చెప్తారు ఇవన్నీ?"

రొకీనా సూప్ గిన్నె కింద పెట్టేసింది.

"ఎక్కడుంది ఆ ముద్ద?"

ఆమె లేచి మ్యూజియానికి పరుగెత్తింది. చెత్తడబ్బా బోర్లించి ముద్దను విరిచి చూసింది. ఫినాయిలు లోపలిదాకా ఇంకిపోయింది. ఒక్క పిడికెడైనా మిగల్లేదు.

బస్సు డ్రైవరు ఇంటికెళ్లి తలుపు కొట్టింది.

"స్టేషన్ దగ్గర దిగింది. ఏ రైలెక్కిందో నేనేం చూశాను? ఎవరావిడ, మీ చుట్టమా?"

రొకీనా ఏడుస్తూ ఇంటికొచ్చింది. తండ్రి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె ముఖం చూడకుండానే ఆయనకి అర్థమైంది.

"సూప్ వేడి చెయ్యనా నాన్నా?"

"వద్దు తల్లీ. ఇంక నన్ను బలవంతపెట్టకు."

ఆ గొంతులో కోపం కూడా లేదు. ఇంక ఈయన తినడని ఆమెకి తెలిసిపోయింది.

"ఎవరు నాన్నా ఆవిడ? పేరు చెప్పు, వెతుక్కుంటూ పోతాను."

"పేరు తెలీదు. పై వీధికి కొత్తగా వచ్చిన కోడలు. ఆ సాయంత్రం తోడు కోసం మన గుమ్మంలోకి వచ్చింది. మీ అమ్మ ముద్ద ఇచ్చి, చేతులు కడుక్కొస్తానని లోపలికెళ్లిందట. అంతలో భూమి కదిలింది. తెల్లారి లారీలొచ్చి మిగిలినవాళ్లని తలో దిక్కుకీ తీసుకుపోయాయి. ఆ పిల్ల మళ్లీ కనపళ్లేదు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఆ సాయంత్రం సంగతి ఎప్పుడు మాట్లాడగలిగాను గనక?"

దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. తర్వాత గోడకేసి చూస్తూనే అన్నాడు.

"చేతులు కడుక్కొచ్చేదాకా పట్టుకోమని మీ అమ్మ నిన్ను ఆవిడ చంకకి ఇచ్చి వెళ్లింది; ఆ దుమ్ములోంచి కళ్లంలో ఉన్న నా దాకా పరుగెత్తుకొచ్చి, నిన్ను నా చేతుల్లో పెట్టింది ఆవిడే."